హట్ బే ఝాన్సీ, దానయ్య కూతురు

హట్ బే,
జూన్, రెండో ఆదివారం

మరదలు ఫిలోమినాకు మార్త వదిన ప్రభువు పేరట వందనాలు చెప్పి రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం. ఝాన్సీ ముఖం రోజూ ఫోనులో చూస్తూనే ఉన్నాను కాబట్టి దాని సంగతి అడగను. ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నీకు అనుమానం వచ్చే ఉంటుంది. మీ ఇంట్లో ఫోను మోగితే స్పీకరు పెట్టి ఇంటిల్లిపాదీ వింటారు. ఉత్తరానికి ఆ బాధ లేదు. దీన్ని తెచ్చి నీ చేతికిచ్చే మా అల్లుడు బాబ్జీకి ఓడలో తాళ్ళు లాగడం వచ్చు గాని తెలుగు అక్షరం ముక్క రాదు. ఝాన్సీకీ అంతే. పిల్లల్ని హిందీ మీడియంలో వేసినందుకు ఇన్నాళ్ళకు ఒక లాభం కనబడింది.

అసలు సంగతికి వస్తాను. ఝాన్సీని నీకు అప్పగించిన రోజు పోర్ట్ బ్లెయిర్ జెట్టీ మీద నా చెయ్యి పట్టుకుని ఒక మాట ఇచ్చావు. మా అమ్మాయిని మీ ఆర్.సి.ఎం. గుడి గడప తొక్కించనన్నావు. మీ మాతల్నీ పునీతుల్నీ దాని జోలికి తీసుకురానన్నావు. దానికి ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి పెద్దాసుపత్రికి దగ్గర్లోనే ఉండాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పబట్టి డెలానీపూర్‌లో నీ దగ్గర ఉంచాను. ఇక్కడ మా మందిరంలో సంఘమంతా దాని కోసం శుక్రవారం శుక్రవారం ఉపవాస ప్రార్థన చేస్తోంది. నేను ఆ ప్రార్థన మీదే బతుకుతున్నాను. అందులో ఇంకేదీ కలవకూడదు.

నిన్న వీడియోలో దాని గది చూపించమన్నాను. మంచం వెనక గోడంతా మాసి ఉంది, మధ్యలో చదరంగా ఒక చోట మాత్రం తెల్లగా ఉంది. పైన మేకు కూడా ఉంది. అక్కడ ఏముండేది? నేను చూస్తానని తీసి దాచావా? ఫోను పెట్టెయ్యగానే మళ్ళీ తగిలిస్తున్నావా? నాకు నిజం కావాలి.

మీ అన్నయ్య నిన్ను అడిగానని చెప్పమన్నారు.

మార్త


డెలానీపూర్,
జూన్ నెలాఖరు

వదినగారికి ఫిలోమినా నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం అందింది. బాబ్జీ ఇచ్చి ఊరుకోలేదు, నేను చదువుతున్నంతసేపూ పక్కనే నిలబడ్డాడు. "అత్తా, అమ్మ క్యా లిఖీ? సబ్ ఠీక్ హై నా?" అని అడిగాడు. వక్కల ధర పడిపోయిందని రాశారన్నాను. మీ పుణ్యమా అని పొద్దున్నే అబద్ధమాడాను.

ఆ తెల్ల చదరం సంగతి. అక్కడ మరియమాత పటం ఉండేది. ఝాన్సీ రాకముందే, మీరు అడగకముందే నేనే తీశాను. ఇప్పుడది మా గదిలో బీరువా మీద ఉంది. ఉంచితే తప్పు, తీసేస్తే అనుమానం, నేనేం చెయ్యను చెప్పండి. మీ మందిరం వాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన క్యాలెండరే ఆ మేకుకు తగిలించాను. ఈ రాత్రైనా నిద్రపోండి.

ఝాన్సీ బాగానే తింటోంది. సురమై చేప పులుసు పెట్టిన రోజున ఇంకో ముద్ద అడుగుతుంది. బీపీ కొంచెం ఎక్కువుందని డాక్టరమ్మ ఉప్పు తగ్గించమంది.

ఒక్క మాట అంటాను, కోపం తెచ్చుకోవద్దు. మేం పునీతుల్ని పూజిస్తామని మీరు అందరితో అంటారు. మేం అడుగుతాం, అంతే. మీకు ఒంట్లో బాగోకపోతే పాస్టరుగారికి ఫోను చేసి, నా కోసం ప్రార్థన చెయ్యండని అడగరా? మేమూ మరియతల్లిని అలాగే అడుగుతాం, నీ కొడుకుతో మా మాట చెప్పమని. మీకు తెలియని పద్ధతి కాదిది. చిన్నప్పుడు మామయ్యగారిని ఏం అడగాలన్నా మీకు భయమటగా. అత్తయ్యగారి కొంగు పట్టుకుని, "అమ్మా, నాన్నకి చెప్పవే" అని వేలాడేవారని మీ తమ్ముడు ఇప్పటికీ చెప్పి నవ్వుతారు.

అన్నయ్యను అడిగానని చెప్పండి.

మీ
ఫిలోమినా


హట్ బే,
జూలై

ఫిలోమినాకు,

మా నాన్నకు కోపం ఎక్కువ. జీతం రోజు తప్ప నవ్వడం ఎరగడు. ఆయన దగ్గరికి వెళ్ళడానికి మాకు అమ్మ కావాల్సి వచ్చింది. దేవుడు మా నాన్నలాంటివాడని నీకెవరు చెప్పారు? ప్రభువు ప్రాణం విడిచినప్పుడు గుడి తెర పైనుంచి కిందికి చిరిగిపోయాక కూడా గుమ్మం దగ్గర ఇంకొకర్ని నిలబెట్టడం దేనికి? మధ్యవర్తి ఒక్కడే, ఆయన చాలు. పాస్టరుగారు బతికున్న మనిషి, ఫోను చేస్తే ఎత్తుతారు. చనిపోయినవాళ్ళు ఎంత పవిత్రులైనా ఎత్తరు. వాళ్ళను పిలవకూడదని వాక్యంలో ఉంది. నువ్వు టీచరువి కాబట్టి మాటలు బాగా పేరుస్తావు. నేను ఆ మాటలకు లొంగే మనిషిని కాను.

ఇప్పుడు ఇంకో సంగతికి జవాబు చెప్పు. మా వీధిలో ఎరుకమ్మ కళ్ళు చూపించుకోవడానికి పోర్ట్ బ్లెయిర్ వచ్చింది. దిగిన ఇంటివాళ్ళు మీవాళ్ళట. శనివారం సాయంత్రం మీ గుడిలో మాతకు నొవేనా ప్రార్థన ఉంది, చూద్దువుగాని రమ్మంటే వాళ్ళ వెంట వచ్చింది. అక్కడ మీ ఫాదరు మైకులో ఒక్కొక్కరి మనవి చదువుతూ, "హట్ బే కీ ఝాన్సీ, దానయ్య కీ బేటీ, ఉస్‌కే హోనేవాలే బచ్చే కే లియే" అన్నాడట. మాత పటం ముందు గుడి నిండా జనం పుట్టబోయే బిడ్డ కోసమని నా కూతురి పేరు పలికారట.

ఎరుకమ్మ ఓడ దిగి ఇంటికైనా వెళ్ళకుండా తిన్నగా పాస్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆదివారం నేను మందిరంలోకి అడుగుపెట్టగానే ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి. నాకు తల కొట్టేసినట్టయింది. మీ అన్నయ్య సంఘపెద్ద. పాస్టరుగారు ఆయన్ను పక్కకు పిలిచి ఇదేమిటని అడిగారు. తల దించుకుని నిలబడ్డారు పాపం. అంత మనిషిని నలుగురిలో అలా నిలబెట్టావు.

ఇంటి పేరొక్కటే తక్కువ, అంత వివరంగా చెప్పించింది ఎవరు? నువ్వు కాకపోతే ఇంకెవరు?

మార్తమ్మ


డెలానీపూర్,
జూలై

వదినగారికి,

నేను ఝాన్సీని గుడికి తీసుకెళ్ళలేదు. దాని పేరు నేను ఇవ్వలేదు. మీకిచ్చిన మాట మీద ఉన్నాను.

ఎవరు ఇచ్చారో నాకు తెలుసు. చెప్పను. ఆ మనిషికీ మాటిచ్చాను. మీకిచ్చిన మాట నిలబెట్టుకోవాలని మీరు కోరుకున్నట్టే ఆ మనిషీ కోరుకుంటారు కదా.

మీరు నా ఇంటి గోడలు చూపించమన్నారు, చూపించాను. వంటింటి అల్మరా చూపించమన్నారట, ఝాన్సీ నవ్వుతూ చెప్పింది. రేపు నా పెట్టె తెరవమంటారేమో. మీ తమ్ముడితో కాపురానికి వచ్చినప్పటి నుంచి మీ మందిరంలో ప్రతి పెళ్ళికీ ప్రతి సమాధి ప్రార్థనకూ వచ్చి మీ పక్కన కూర్చున్నాను. నన్ను ఇంత అనుమానిస్తారని అనుకోలేదు. నాకు చాలా బాధగా ఉంది.

మొన్నటి స్కానింగులో మాయ బాగా కిందికి ఉందని తేలింది. మెట్లు ఎక్కవద్దన్నారు, బరువు ఎత్తవద్దన్నారు. మీకు ఫోనులో చెబితే కంగారు పడతారని ఝాన్సీ చెప్పలేదు. ఇలాంటివి దాచకూడదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఫిలోమినా


హట్ బే,
ఆగస్టు, మొదటి వారం

ఫిలోమినా,

ఒకటి దాచి ఇంకొకటి చెబితే నేను కరిగిపోతాననుకున్నావు. నీ ఇంట్లో ఎవరో నా బిడ్డ పేరు మాత ముందు పెట్టారు, అది నీకు తెలుసు, నాకు మాత్రం చెప్పవు. నీ మాట విలువేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పావు, సంతోషం.

మొన్న వీడియోలో ఝాన్సీ వంగినప్పుడు జాకెట్టులోంచి నల్లతాడు బయటికి వచ్చింది. చివర ఏదో బిళ్ళ మెరిసింది. చటుక్కున లోపలికి తోసేసింది. ఏమిటే అది అంటే, "కుఛ్ నహీ అమ్మా, ఐసే హీ" అంది. నా కడుపున పుట్టిన పిల్ల నాతో మొదటిసారి హిందీలో అబద్ధమాడింది.

బాబ్జీని నిలబెట్టి అడిగాను. సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. వాడేనని నాకు రూఢి అయిపోయింది. వాడి దోస్తులంతా మీవాళ్ళే.

సోమవారం ఓడకు మీ అన్నయ్యా నేనూ వస్తున్నాం. బుధవారం తిరుగు ఓడలో ఝాన్సీని ఇంటికి తెచ్చుకుంటాం. బాబ్జీ చేతే మూడు టికెట్లు తీయించాను. ఇక్కడా ఆసుపత్రి ఉంది, నర్సమ్మ ఉంది, దేవుడున్నాడు. దాని బట్టలు సర్ది ఉంచు. మెడలో ఆ బిళ్ళ ఉంటే నేను ఓడలోంచి సముద్రంలోకి విసిరేస్తాను, ముందే చెబుతున్నాను.

మార్తమ్మ


డెలానీపూర్,
శుక్రవారం

వదినా,

బాబ్జీ ఓడ ఇంకాసేపట్లో బయల్దేరుతుంది, గబగబా రాస్తున్నాను. టికెట్లు రద్దు చేయించండి. ఇది నా మాట కాదు, డాక్టరమ్మను అడిగి వచ్చి రాస్తున్నాను. మాయ కిందికి ఉన్న మనిషికి ఓడ కుదుపులో రక్తం పోవడం మొదలైతే ఆపేవాళ్ళు ఉండరు, తల్లీ దక్కదు పిల్లా దక్కదు అంది. ఆగస్టు సముద్రం ఎలా ఉంటుందో నాకంటే మీకు బాగా తెలుసు. నా మీద కోపంతో దాన్ని ఓడ ఎక్కించకండి.

మీ అనుమానం తీరితే గాని మీరు ఆగరు. కాబట్టి ఇంకొకరికిచ్చిన మాట తప్పుతున్నాను. బాబ్జీని ఏమీ అనకండి. ఆ పేరు ఇచ్చింది అన్నయ్య.

అవును, మీ ఆయనే. జూన్ నెలాఖరులో వక్కలు అమ్మడానికని మీతో చెప్పి వచ్చారే, అప్పుడు. శనివారం సాయంత్రం వానలో మా గుడి గేటు బయట గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. చెప్పులు విప్పాలా వద్దా అని కిందికి చూసుకుంటున్నారు. నన్ను చూసి దొరికిపోయినవాడిలా అయిపోయారు. తర్వాత ఫాదరుతో మాట్లాడించమన్నారు.

నేను ఎందుకన్నయ్యా అంటే ఆయన అన్న మాట ఇది: "ప్రభువు మీద నమ్మకం పోలేదమ్మా, నా నోటి మీదే పోయింది. రెండుసార్లూ నేనే అడిగాను కదా. ఈసారి ఇంకెవరైనా అడిగితే బాగుండుననిపించింది."

ఫాదరు దగ్గర కూతురి పేరు చెప్పి, తండ్రి పేరు చెప్పి, ఊరు చెప్పి, జెట్టీ నుంచి ఎన్నో లైనులో ఇల్లో కూడా చెప్పబోయారు. ఫాదరు నవ్వి, "బస్, నామ్ హీ కాఫీ హై" అన్నారు. పేరొక్కటే చాలంటే అన్నయ్య ఒప్పుకోలేదు. ఓడ టికెట్టుకే ఇన్ని వివరాలు అడుగుతారు, ఝాన్సీలు బోలెడుమంది ఉంటారు, ఆ తల్లి ఇంకో పిల్లనుకుంటే ఎలాగని ఆయన భయం. మీ మందిరంలో ఎవరి అవసరం వాళ్ళే లేచి చెప్పుకుంటారు కదా. ఇక్కడ ఫాదరు పీఠం దగ్గర మెల్లగా చెబుతారనుకున్నారు. నేను ముందే చెప్పాల్సింది, నాకు తట్టలేదు. మైకులో హట్ బే అని వినబడేసరికి చివరి బెంచీలో గొడుగు కింద పడేసుకున్నారు. ప్రార్థన అయ్యేదాకా ఉండకుండా వెళ్ళిపోయారు. ఆ జనంలోనే ఎరుకమ్మ ఉందని ఆయనకు గాని నాకు గాని తెలియదు.

ఆ మాత బిళ్ళ గేటు దగ్గర కొట్లో ఆయనే కొన్నారు. నాన్న ఇచ్చాడని ఝాన్సీ వేసుకుంది, అంతకుమించి ఏమీ అడగలేదు. మార్తకు చెప్పకని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఇప్పుడు మీకు తెలిసింది. ఆయన్ని మాత్రం ఏమీ అనవద్దు వదినా, మీ కాళ్ళకు దణ్ణం పెడతాను.

ఫిలోమినా


హట్ బే,
ఆగస్టు నెలాఖరు

ఫిలోమినా,

టికెట్లు రద్దయ్యాయని నీకు బాబ్జీ చెప్పే ఉంటాడు.

మీ అన్నయ్యను ఏమీ అనలేదు. నీ ఉత్తరం చదివాక అన్నం వడ్డించి ఎదురుగా కూర్చున్నాను. ఆయన నా ముఖం చూశారు, నా చేతిలో ఉత్తరం చూశారు, చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. తర్వాతి ఆదివారం సంఘపెద్దగా ఉండలేనని పాస్టరుగారికి చెప్పేశారు. కారణం అడిగితే మోకాళ్ళ నొప్పి అన్నారట. ఎరుకమ్మ ఇంటికొచ్చి మోకాళ్ళకు నూనె ఇచ్చి వెళ్ళింది. అది నమ్మిందో వెక్కిరించిందో తెలియదు.

పెళ్ళయిన నాటి నుంచి ఆయనా నేనూ పక్కపక్కనే మోకరించాం. లోపల ఏమనుకుంటున్నారో నాకు అక్షరాలా తెలుసనుకున్నాను. ఇప్పుడు ఆయన కళ్ళు మూసుకుంటే ఎవరితో మాట్లాడుతున్నారోనని ఒక కన్ను తెరిచి చూస్తున్నాను. నా ప్రార్థన మొత్తం ఆ కన్నుతోనే సరిపోతోంది. సిగ్గుగా ఉంది.

నిన్ను అన్న మాటలకు నన్ను క్షమించమని రాయాలని కూర్చున్నాను. రాయడం చేతకావడం లేదు. రాశాననుకో. మీ మాత విషయంలో మాత్రం నా మాట మారలేదు. మీ అన్నయ్య చేసింది తప్పే.

ఝాన్సీకి ఉప్పు తగ్గించే పెడుతున్నావా?

మార్త


డెలానీపూర్,
సెప్టెంబరు

వదినా,

రాశారనే అనుకున్నాను.

ఉప్పు తగ్గించే పెడుతున్నాను. అది మాత్రం దొంగతనంగా ఎండుచేప వేయించుకుంటోంది, వాసన నా దగ్గర దాగుతుందా. ఈ ఇంట్లో ఇప్పుడు అందరూ అందరి మీదా నిఘాయే.

తొమ్మిదో నెల రాగానే ఆపరేషను చేస్తామన్నారు. మీరు దానికి ముందు వారమే వచ్చి ఇక్కడ ఉండండి. ఆఖరి నిమిషానికి ఓడను నమ్ముకోవద్దు.

మీ
ఫిలోమినా


హట్ బే,
అక్టోబరు

అమ్మాయ్ ఫిలోమినా,

చంటిదాని ఫొటోలు ఫోనులో రోజూ చూస్తున్నాను. ముక్కు మాత్రం మా అమ్మదే. ఎల్లుండి ఓడ తిరుగుతుందంటున్నారు, మేమిద్దరం వస్తున్నాం. ఇది నాకంటే ముందు రేపు బాబ్జీ వాళ్ళ సరుకు ఓడలో నీకు చేరుతుంది. ఎదురుగా నిలబడి ఈ మాట చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

ఆపరేషనుకు ఇంకా టైముందనుకున్నామా. ఆ రోజు మధ్యాహ్నం నువ్వు ఫోను చేసి, వదినా రక్తం పోతోంది, లోపలికి తీసుకెళ్తున్నారు అన్నావు. అంతలో ఫోను తెగిపోయింది. తర్వాత గాలికి సిగ్నలే లేదు. పరుగెత్తుకుని జెట్టీకి వెళితే ఓడ వెయ్యరన్నారు. హెలికాప్టరు ఎగరదన్నారు. అక్కడే షెడ్డు కింద కూలబడిపోయాను. పాస్టరుగారు వచ్చారు, సంఘంలో సగం మంది వచ్చారు, ఎరుకమ్మ కూడా తడిసి ముద్దై వచ్చింది. అందరూ నా చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు. గాలి పెరిగాక ఒక్కొక్కరూ ఇళ్ళకు వెళ్ళారు. మీ అన్నయ్యా నేనూ మిగిలాం. ఆయన ఒక పక్కకు తిరిగి కళ్ళు మూసుకున్నారు. ఈసారి నేను కన్ను తెరిచి చూడలేదు. ఎవరితో మాట్లాడితే నాకేం, మాట్లాడితే చాలుననిపించింది.

నేనూ చేద్దామని చేతులు జోడించాను. ఫిలోమినా, ఒక్క మాట రాలేదు. పుట్టినప్పటి నుంచి ప్రార్థించిన నోరు ఎండిపోయింది. ప్రభువా అనబోతే, ఇంతకుముందు పోయిన ఆ ఇద్దరూ గుర్తొచ్చి ఆగిపోయాను. ప్రభువును తలుచుకుంటే మా నాన్నను చూసినంత భయమేసింది. అలాంటివాడు కాడని నీకు రాసినదాన్నే. అప్పుడు నా నోటి నుంచి, నేను అనకుండానే, ఒక మాట బయటికి వచ్చింది.

"అమ్మా, నువ్వక్కడే ఉన్నావుగా. ఆయనకి చెప్పవే."

పిలిచింది మా అమ్మ కామమ్మను. బ్రూక్షాబాద్ సమాధుల్లో పడుకోబెట్టి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు. పునీతురాలు కాదు, పటం లేదు, నొవేనా లేదు. జీతం రోజున నాన్న జేబులోంచి మాకోసం చిల్లర తీసిన మనిషి. ఆవిడ కొంగు పట్టుకున్నట్టే నా పమిట నేను పట్టుకుని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాను. మీ అన్నయ్య విన్నారు. దగ్గరికి జరిగి నా మీద గొడుగు పట్టారు.

గాలి తగ్గాక బాబ్జీ గొంతు వినబడింది. "లడ్కీ హుయీ అమ్మా, దోనో ఠీక్ హై" అన్నాడు. ఆడపిల్ల, తల్లీ పిల్లా క్షేమం.

మా అమ్మ విన్నదని నేను అనడం లేదు. చీరి తీసింది డాక్టరమ్మ, బతికించింది ప్రభువు. నేను మీవైపు వచ్చేశానని సంబరపడకు, రాలేదు. చనిపోయినవాళ్ళను పిలవకూడదన్న వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఆదివారం మందిరంలో సాక్ష్యం చెప్పమంటున్నారు. ప్రభువు చేశాడని చెబుతాను, అది నిజం. అమ్మను అడిగానని చెప్పను. అదీ నిజమే, కాని నీకొక్కదానికే చెబుతున్నాను. చదివి చించెయ్యి. ఇందులో ఏముందని బాబ్జీ అడిగాడు. వక్కల ధర పెరిగిందన్నాను.

నేను వచ్చేసరికి ఆ పటం ఎక్కడిదక్కడ తగిలించుకో. నీ ఇల్లు, నీ గోడ. నిజం చెప్పాలంటే నన్ను భయపెట్టింది ఆ తెల్ల చదరమే. బిళ్ళ సంగతి ఝాన్సీ, వాళ్ళ నాన్న చూసుకుంటారు. నేను సముద్రంలో ఏమీ విసరను.

ఒక్కటి మాత్రం అడగాలి, నీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మీవాళ్ళు ఎవరినైనా అలా అడిగి, పని జరిగాక, వాళ్ళకు ఏమని చెబుతారు? నాన్న దగ్గర పని అయ్యాక నేను వెళ్ళి ఒక మాట చెప్పకపోతే మా అమ్మ అలిగేది. పూటంతా నాతో మాట్లాడేది కాదు. జెట్టీ దగ్గర ఆ రోజు నుంచి ఆవిడకు ఏమీ చెప్పలేదు, చెప్పవచ్చో కూడదో తెలియక. జవాబు ఒక ముక్క రాసి నేను దిగేసరికి చేతిలో పెట్టు.

తెలుగులోనే రాయి.

మార్త వదిన